సరి, బేసి

గురువారం ఏడింటికి పెద్దల కూటం.
కవాలా రేవు మీద, తెరచాపల దుకాణం పైమేడ,
ముప్పై ఒక్క కుర్చీల మా చిన్న సంఘం.
చందాపెట్టెలో ఆరువందల నలభై యూరోలు తగ్గాయి.
తీసినవాడు పరస్కెవాస్. ఒప్పుకున్నాడు కూడా.
వాక్యం పరిశీలించే పని నాకు అప్పగించారు,
నలభై ఏళ్లు మందులకొట్లో
డాక్టర్ల చేతిరాత చదివినవాణ్ణని.

రాత్రి దీపం దగ్గరికి లాక్కున్నాను.
నిఘంటువు వీపుకి అంటించిన పట్టీ
నా కొట్లోదే, పసుపెక్కింది.
ఉత్తరం రాసినవాడు ఒకప్పుడు ఈ రేవులోనే
ఓడ దిగాడని మా ఊరికి గర్వం.
మా భాషే. కానీ ముత్తవ్వ ఫోటోలో
నా ముక్కు వెతుక్కున్నట్టుంటుంది.

మొదటి మాట ‘పరాప్తోమా’.
నేరం అని రాసిపెట్టుకున్నాను ముందే.
విప్పి చూస్తే, పక్కకి పడటం. అంతే.
తప్పటడుగు.
నేరం కొట్టేసి ఆ మాట రాశాను.
కలం కాస్త మొరాయించింది.

రెండోది ‘కతర్తీజెతె’.
దీని చుట్టం మా వీధిలోనే ఉంది,
పని లేని కుర్రాళ్లకి ఫ్రిజ్ రిపేరు నేర్పే
సర్కారు బడి బోర్డు మీద.
నిఘంటువు మాత్రం, కీలు తప్పిన ఎముకని
మెల్లగా చోట్లో కూర్చోబెట్టే చేతుల్ని చూపించింది.
ఆ తర్వాత, పడవలో వలలు బాగుచేసుకుంటున్న
ఇద్దరు అన్నదమ్ముల్ని.
మాట కడుపులో ఇంకో మాట, ‘ఆర్తియొస్’.
రెండో తరగతిలో మెల్పొమేని టీచరు
బల్ల మీద చిక్కుడుగింజలు జతలుగా పేర్చి
నేర్పిన మాట అది: సరి.
రెండు, నాలుగు, ఆరు.
జత లేక మిగిలిన గింజ బేసి.
దాన్ని ఎవరో ఒకరు నోట్లో వేసుకునేవాళ్లం.

సరిచేయండి, అంటోంది ఉత్తరం.
ఒక్కసారి చేసి చేతులు దులుపుకొమ్మని కాదు,
చేస్తూనే ఉండమనే క్రియ.

నిద్ర పట్టలేదు. తెల్లారకముందే రేవుకి పోయాను.
ఎవాంథియా కాలి బొటనవేలికి వల తగిలించుకుని
కూర్చునుంది, నోట్లో సిగరెట్టు.
చిరుగు ఎలా పూడుస్తావమ్మా, అన్నాను.
‘పూడ్చను. ముందు ఇంకా కోస్తాను.
చుట్టూ ఉన్న చివికిన దారమంతా.
గట్టి ముడి తగిలేదాకా.
అక్కణ్ణించి మొదలు.’
తిరిగి చిరగదా?
‘చిరుగుతుంది. నేను కట్టినచోట కాదు, పక్కన.’
నవ్వింది. నేను మందులవాణ్ణని గుర్తొచ్చిందేమో,
మోకాలి నొప్పికి ఏదైనా ఇమ్మంది.

ఇంటికొచ్చి మిగిలిన ముక్క చూశాను.
ఇందాకటిదాకా వాక్యం గుంపుతో మాట్లాడింది,
మీరు, మీరు, అని.
ఉన్నట్టుండి, ఊపిరి కూడా తిప్పుకోకుండా,
బహువచనం జారిపోయింది.
నిన్ను నువ్వు చూసుకో.
నువ్వు.
అచ్చుతప్పేమోనని ఇంకో ప్రతి తీశాను.
అందులోనూ నువ్వే.

తొంభై ఎనిమిది, మార్చి.
కొట్టు అద్దె కట్టాలి. తాళంచెవి అప్పుడు నా దగ్గరే.
అదే పెట్టెలోంచి లక్షా ఇరవైవేల ద్రాఖ్మాలు.
పదకొండో రోజున తిరిగి పెట్టేశాను.
లెక్క సరిపోయింది. మూడో కంటికి తెలీదు.
ఆ ఏడు నన్నే పెద్దగా ఎన్నుకున్నారు,
డబ్బు దగ్గర నిక్కచ్చి మనిషినని.

ఏడయింది.
పరస్కెవాస్ కోటు విప్పకుండా
తలుపు పక్కన నిలబడ్డాడు.
ఇప్పొక్రాతిస్ కళ్లద్దాలు తుడుచుకుంటూ,
‘చెప్పండి, ఆ మాటకి అర్థం ఏం తేలింది?’

నా దగ్గర నాలుగు పేజీలున్నాయి,
ధాతువులతో సహా.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
‘దానికి ముందు నాదొక పాత లెక్కుంది’ అన్నాను.

కింద థాసోస్ పడవ కూత మొదలెట్టింది.
అది ఆగేదాకా
ఎవరం మాట్లాడలేదు.
పరస్కెవాస్ తల మాత్రం ఇటు తిరిగింది.